దారి ఇచ్చే ఊళ్ళు, దారి చేసుకొనే ఊళ్ళు

ఒక దేశపు మర్యాదలు తెలుసుకోవాలంటే అక్కడి కోటలూ, గుళ్ళూ, వస్తు ప్రదర్శనశాలలూ చూస్తే చాలదు. నాలుగు దారులు కలిసే చోట ఒక అరగంట నిలబడి వచ్చే పోయే బండ్లను చూడాలి. ఎవరు ఎవరికి దారి ఇస్తున్నారు, ఎవరు ఎవరిని కసురుతున్నారు, ముసలివాళ్ళూ పిల్లలూ రోడ్డు ఎట్లా దాటుతున్నారు, ఇవి చూస్తే ఆ దేశస్థులు పొరుగువాడిని ఏ మాత్రం లెక్క చేస్తారో తెలిసిపోతుంది. 2023 వేసవిలో ఇంగ్లండు వెళ్ళి ఆరు వారాలు ఉండి వచ్చిన మాకు ఈ సంగతి బాగా బోధపడింది.

మేము మూడు తరాలుగా బెంగుళూరులో ఉంటున్నవాళ్ళము. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో రెండూను. మన పాఠకులలో చాలామందిది ఇదే కథ గనుక వేరే వివరించ పనిలేదు. మా బావమరిది రెడింగ్ అనే ఊళ్ళో కాపురమున్నాడు. అది లండనుకు పడమరగా సుమారు 40 మైళ్ళ దూరంలో, థేమ్స్ నది ఒడ్డున ఉన్న ఊరు. రైలెక్కితే అరగంటలో లండను. అతని పిలుపు మీదనే మా ఇంటావిడా మేమూ వెళ్ళాము.

వెళ్ళిన మొదటి రెండు రోజులూ మాకు చెవులలో ఏదో లోటుగా ఉండింది. అదేమిటో మూడవ నాటికి గాని తెలియలేదు. హారను మోత లేదు! రోడ్డు మీద బండ్లు లేక కాదు. ఒకదాని వెనుక ఒకటి బారులు తీరి ఉన్నవి. కాని నోరు మెదపవు. మా ఇంటావిడ, "ఇదేమిటండీ, ఊరంతా మౌనవ్రతం పట్టినట్లున్నది" అన్నది. బావమరిది నవ్వి, "ఇక్కడ హారను కొట్టడమంటే ఎదుటివాడిని తిట్టడమే అక్కా. ఎనిమిదేండ్లలో నేను పదిసార్లు కొట్టి ఉంటానేమో" అన్నాడు. మన ఊళ్ళో అయితే వీధి మలుపు తిరిగేలోగానే ఆ పదీ అయిపోతవి.

అతని ఇల్లున్న వీధి పాతకాలపుది. రెండు ప్రక్కలా ఒకదానికొకటి అంటుకొని వరుసగా ఇండ్లు. వాటికి కారు షెడ్లు లేవు గనుక కార్లన్నీ వీధిలోనే రెండు వైపులా నిలిపి ఉంటవి. నడుమ ఒక్క బండి పోయే సందు మాత్రమే మిగులుతుంది. మేము రోజూ ఉదయం కిటికీ దగ్గర కాఫీ త్రాగుతూ ఆ సందులో జరిగే వినోదం చూసేవాళ్ళము. ఇటునుంచి ఒక కారు వస్తుంది, అటునుంచి ఒకటి వస్తుంది. ఇద్దరిలో ఒకడు దూరంనుంచే చూచి, నిలిపిన కార్ల మధ్య ఖాళీలోకి తన బండిని ఒదిగించి, ముందరి దీపాలు ఒక్కసారి మెరిపిస్తాడు. "నీవు రా" అని దాని అర్థం. రెండవవాడు నెమ్మదిగా వచ్చి, ప్రక్కనుంచి పోతూ చెయ్యి పైకెత్తుతాడు. అది కృతజ్ఞత. మొదటివాడు కూడా చెయ్యెత్తుతాడు. అది "దానికేమిలే" అనడం. ఒక గంటలో ఇరవై ముప్పై సార్లు ఇట్లా జరిగేది. ఎవరూ అద్దం దించి మాట్లాడిన పాపాన పోలేదు.

దీపాల సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మన దగ్గర ఎదుటి బండివాడు దీపాలు మెరిపించినాడంటే "నేను వస్తున్నాను, నీవు ఆగు" అని అర్థం. అక్కడ అదే మెరుపుకు "నేను ఆగినాను, నీవు రా" అని అర్థం. సైగ ఒక్కటే, భావం తలక్రిందులు. నిజానికి వారి రోడ్డు నిబంధనల పుస్తకం ప్రకారం దీపం మెరిపించడం "నేనున్నాను సుమా" అని తెలుపడానికి మాత్రమే. మరే కబురు పంపడానికీ వాడరాదు. అయినా జనం ఆ మాట ప్రక్కన పెట్టి, దానిని మర్యాదకే వాడుకుంటున్నారు. శాసనానికి మించిన ఆచారం ఏ దేశంలోనైనా ఉంటుందని దీనివల్ల తెలుస్తున్నది.

హారను మాటకు వస్తే, ఆ పుస్తకమే కొన్ని హద్దులు పెట్టింది. బండి నడుస్తూ ఉండగా, తాను వస్తున్న సంగతి ఇతరులకు తెలుపవలసి వచ్చినప్పుడే మోగించాలి. ఆగి ఉన్న బండిలో కూర్చొని మోగించరాదు. ఇండ్లున్న చోట రాత్రి 11-30 మొదలు ఉదయం 7 గంటల దాకా మోగించరాదు. ఇతరులవల్ల అపాయం ముంచుకొచ్చినప్పుడు మాత్రం మినహాయింపు ఉన్నది.

ఇది చదివి, "ఆహా, ఎంత మంచి చట్టం! మనకూ ఉంటే ఎంత బాగుండును" అనుకోనక్కరలేదు. మనకూ ఉన్నది. 2019లో సవరించిన మన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనవసరంగా హారను మోగిస్తే మొదటిసారి 1,000 రూపాయలు, మళ్ళీ చేస్తే 2,000 రూపాయలు జరిమానా. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం లారీల వెనుక "హారన్ ఓకే ప్లీజ్" అని వ్రాయించుకోవడాన్ని నిషేధించింది. 2020లో బొంబాయి పోలీసులు మరీ చమత్కారమైన పని చేశారు. కొన్ని కూడళ్ళలో చప్పుడు 85 డెసిబెల్లు దాటితే ఎర్రదీపం లెక్క మళ్ళీ మొదటికి వచ్చేటట్లు ఏర్పాటు చేశారు. ఎంత అరిస్తే అంత ఆగాలన్నమాట! చూచినవారంతా నవ్వుకున్నారు, మెచ్చుకున్నారు. అలవాటు మాత్రం పోలేదు.

చట్టం రెండు చోట్లా ఉన్నది. రెండు దేశాలలోనూ బండ్లు ఎడమ ప్రక్కనే నడుస్తవి. మన రోడ్డు నిబంధనలకు పునాది వేసి పోయినది కూడా వారే. మరి తేడా ఎక్కడ?

"అక్కడ రోడ్లు ఖాళీ, మనకు రద్దీ" అని చప్పున ఒక సమాధానం వస్తుంది. మేము కూడా అట్లాగే అనుకున్నాము. కాని టామ్‌టామ్ అనే సంస్థ 2022 సంవత్సరానికి వేసిన లెక్క చూస్తే ఆ సమాధానం నిలువదు. లండను నడిబొడ్డున కారులో 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 36 నిమిషాల 20 సెకన్లు పట్టింది. బెంగుళూరు నడిబొడ్డున 29 నిమిషాల 10 సెకన్లు పట్టింది. ఆ ఏడాది వారి పట్టికలో లండనుది మొదటి స్థానం, మనది రెండవది. వేగాన్ని తగ్గించి కట్టిన రోడ్లు లండనులో ఎక్కువ అన్న మాట నిజమే. అయినా బండిలో కూర్చున్నవాడికి ఆలస్యం ఆలస్యమే గదా! మనకంటె ఎక్కువసేపు ఆగేవాడు నోరు మూసుకొని ఆగుతున్నాడు, తక్కువసేపు ఆగే మనం ఆకాశం దద్దరిల్లేటట్లు హారను మోగిస్తున్నాము.

కాబట్టి వారు ఓర్పు కలవారు, మనం ఓర్పు లేనివారము అని తీర్మానించవచ్చునా? వచ్చిన రెండవ వారంలో మేమూ ఆ తీర్మానానికి దగ్గరగానే పోయాము. కాని నాలుగవ వారానికి సంగతి వేరుగా కనుపించసాగింది.

ఒకనాడు బావమరిది పేర తపాలాలో ఒక జాబు వచ్చింది. గంటకు 30 మైళ్ళు మించరాని చోట అతడు 36 మైళ్ళ వేగంతో పోయినట్లు ఒక కెమెరా పట్టుకున్నది. ఆ రోడ్డు మీద ఆ సమయంలో చీమ కూడా లేదట. అయినా జరిమానా కట్టడమో, లేక పాఠశాల పిల్లవాడివలె ఒక పూట క్లాసులో కూర్చొని వేగం వల్ల కలిగే నష్టాలను గురించి పాఠం వినడమో చేయాలి. లైసెన్సు మీద తప్పుకు ఇన్ని మార్కులని పడుతవి. మూడేండ్లలో 12 పడితే సాధారణంగా లైసెన్సు ఆరు నెలలకు తక్కువ కాకుండా పోతుంది. కొత్తగా లైసెన్సు తీసినవాడికి మొదటి రెండేండ్లలో 6 పడితే చాలు, రద్దు. "ఎవరినైనా అడిగి చూడరాదూ?" అన్నాము మేము, మన ఊరి అలవాటు కొద్దీ. "ఎవరిని అడగాలి బావా? కెమెరానా?" అన్నాడు అతడు.

ఆ లైసెన్సు సంపాదించడం కూడా సామాన్యమైన పని కాదు. మన దేశపు లైసెన్సు అక్కడ పన్నెండు నెలలు చెల్లుతుంది. ఆ తరువాత వారి పరీక్షకు కూర్చోవలసిందే. కంప్యూటరు మీద 50 ప్రశ్నలకు 43 సరిగా చెప్పాలి. ఆపైన రోడ్డు మీద నలభై నిమిషాల పరీక్ష. పరీక్షకు వెళ్ళినవారిలో సగానికి అటూ ఇటూ మందే గట్టెక్కుతారు. బెంగుళూరులో పదేండ్లు కారు నడిపిన మా బావమరిది మొదటిసారి తప్పినాడు. అద్దాలు చూడలేదని ఒక తప్పు. దారి ఖాళీగా ఉన్నా కదలక తటపటాయించినాడని మరొకటి. "తోసుకుపోతే తప్పని మనకు తెలుసు బావా. ఊరికే ఆగినా తప్పేనని అక్కడే తెలిసింది" అని చెప్పాడు.

అదీ సంగతి. అక్కడి మర్యాద వట్టి మంచితనంవల్ల పుట్టినది కాదు, దాని వెనుక ఇనుపకడ్డీ ఒకటి ఉన్నది. తప్పు చేసినవాడి మీద ఆ సాధుజనులకు దయ లేదు. రెండు వరుసలు ఒక వరుసగా కలిసే చోట ఇద్దరూ కడదాకా వచ్చి ఒకరి తరువాత ఒకరు కలవమని వారి పుస్తకమే చెబుతున్నది. అయినా ఎవడైనా ఖాళీ వరుసలో ముందుకు పోతే, క్యూ తప్పినాడని వెనుకవారికి ఒళ్ళు మండుతుంది. ముందరి బండికి వెంట్రుకంత దగ్గరగా తమ బండిని పోనిచ్చి, వాడు దూరకుండా చేస్తారు. కిటికీలో నుంచి రెండు వేళ్ళు చూపడం కూడా కన్నాము. దాని అర్థం ఇక్కడ వ్రాయదగినది కాదు.

అప్పుడు మాకు ఒక విషయం తట్టింది. వారు ఆలస్యాన్ని ఓర్చుకుంటారు, తప్పును ఓర్చుకోరు. మనం తప్పును ఓర్చుకుంటాము, ఆలస్యాన్ని ఓర్చుకోము. ఓర్పు రెండు దేశాలలోనూ ఉన్నది, అది పెట్టిన చోటు వేరు.

మన ఓర్పు ఎంతటిదో మనకు తెలియదు, చేపకు నీరు తెలియనట్లు. వీధికి అడ్డంగా పెండ్లి పందిరి వేస్తారు. మనం బండి వెనక్కు త్రిప్పుకొని పక్కవీధి గుండా పోతాము, పోతూ పోతూ పెండ్లికొడుకు ఎవరని అడుగుతాము. వినాయకచవితికి పదకొండు రోజులు మైకు మోగుతుంది, నిద్ర రాకపోయినా పోలీసు స్టేషనుకు పోము. ఆవు రోడ్డు నడుమ పడుకుంటే దాని చుట్టూ తిరిగిపోతాము. ఎదురు దిక్కునుంచి తప్పుదారిన వచ్చే స్కూటరువాడికి కూడా ప్రక్కకు జరిగి చోటిస్తాము. వాడికీ ఏదో తొందర కాబోలునని సరిపెట్టుకుంటాము. మా బెంగుళూరులో "స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నది తారకమంత్రం. ముగ్గురు కూర్చునే సీటులో నాలుగవవాడు ఆ మంత్రం చదివితే ముగ్గురూ జరుగుతారు. కన్నడిగులు "పరవాగిల్ల" అంటారు, మనం "పరవాలేదు" అంటాము. రెండూ అక్కచెల్లెళ్ళు. మూడు తరాలక్రితం పొట్ట చేతపట్టుకొని వచ్చిన మన పెద్దలను ఈ ఊళ్ళు నిలుపుకున్నది ఆ మాట మీదనే. దానిని తేలిక చేసి మాట్లాడే హక్కు మనకు లేదు.

రెడింగ్‌లో ఆ మాట మాకు వినబడలేదు. అక్కడ బస్సు దిగేవాళ్ళంతా డ్రైవరుకు "థాంక్యూ" చెప్పి దిగుతారు. పసిపిల్లలు కూడా చెబుతారు. మా ఇంటావిడకు అది ఎంతో నచ్చింది. కాని బస్సులో ప్రక్కనున్న మనిషి ఎవరో, ఏ ఊరో ఎవరూ అడగరు. మన సిటీ బస్సులో కండక్టరు "ముందె హోగి, ముందె హోగి" అని గద్దిస్తాడు, థాంక్స్ చెప్పేవాడు లేడు. అయితే నిలబడ్డవాడి సంచీ కూర్చున్నవాడి ఒడిలోకి పోతుంది. పసిబిడ్డ ఎవరిదో, ఎవరి ఒళ్ళోనో నిద్రపోతుంది. ముఖపరిచయం ఏర్పడితే మనకంటె మర్యాదస్థులు లేరు. ముఖం కనుపించని అద్దాల వెనుక కూర్చుంటేనే చిక్కు. కారులో కూర్చున్నవాడికి ఎదుట ఉన్నది మనిషి కాదు, అడ్డు.

వారి మర్యాద అంతా పరిచయం లేనివారి కోసం ఏర్పడ్డది. దానికి మంచి ఉదాహరణ గుండ్రని కూడళ్ళు. మనం బెంగుళూరులో సౌత్ ఎండ్ సర్కిల్ అనీ, ఇంకో సర్కిల్ అనీ అంటాము. కొన్ని చోట్ల వలయం పోయి పేరే మిగిలింది. వారికి ఊరూరా వలయాలే. కుడి ప్రక్కనుంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలి, అదొక్కటే సూత్రం. ఈ సూత్రం 1966లో వచ్చింది. అంతకు ముందు ఎవరు ఆగాలో చెప్పే నియమం లేక బండ్లు వలయంలో చిక్కుకొని నిలిచిపోయేవట. రెడింగ్‌కు పడమరగా స్విండన్ అనే ఊళ్ళో "మ్యాజిక్ రౌండబౌట్" అని ఒకటి ఉన్నది. ఒక పెద్ద వలయం చుట్టూ అయిదు చిన్న వలయాలు. ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు వేసిన పథకం ప్రకారం 1972లో కట్టినారు. చిన్న వలయాలలో బండ్లు ఒక దిక్కుగా తిరిగితే, నడి వలయం చుట్టూ దానికి ఎదురు దిక్కుగా తిరుగుతవి. బావమరిది మమ్మల్ని అందులో రెండుసార్లు త్రిప్పినాడు. మా ఇంటావిడ కళ్ళు మూసుకొని వేంకటేశ్వరస్వామిని తలుచుకున్నది. అక్కడ సిగ్నలు దీపాలు లేవు, పోలీసు లేడు. ప్రతివాడూ కుడివైపు చూచి ఆగుతున్నాడు, ఖాళీ చూచి కదులుతున్నాడు. మన ఇంటి పెండ్లిలో వడ్డన పంక్తివలె సాగిపోతున్నది.

ఇతర దేశాల పద్ధతులు కూడా, చదివినవీ, వెళ్ళివచ్చినవారు చెప్పినవీ, కొన్ని పోల్చి చూచాము. అమెరికాలో నాలుగు వైపులా ఆగవలసిన కూడళ్ళు ఉంటవి. ముందు వచ్చి ఆగినవాడు ముందు పోవాలి. బడి బస్సు ఎర్రదీపాలు మెరిపిస్తూ ఆగితే, నడుమ గోడో గట్టో లేని రోడ్డు మీద వెనుకవారే కాదు, ఎదురుగా వచ్చేవారు కూడా ఆగాలి. జర్మనీలో పెద్ద రోడ్ల మీద బండ్లు నిలిచిపోతే, అందరూ అటూ ఇటూ ఒదిగి అంబులెన్సు కోసం నడుమ సందు వదిలి పెట్టడం చట్టం. అక్కడ తోటి డ్రైవరుకు అసభ్యమైన సైగ చేస్తే కోర్టుకు పోవలసి రావచ్చు. జపానులో కొత్తగా లైసెన్సు తీసినవాడు ఏడాదిపాటు బండికి పసుపూ ఆకుపచ్చా కలిసిన ఆకువంటి గుర్తు అంటించుకోవాలి. ఆ బండిని ఒత్తిడి పెట్టి దూరడం ఇతరులకు నేరం. దారి ఇచ్చినవాడికి వెనుక దీపాలు రెండుసార్లు మెరిపించి కృతజ్ఞత చెప్పడం అక్కడి ఆచారం. పారిస్ నగరంలో పన్నెండు వీధులు కలిసే మహావలయంలో లోపల తిరుగుతున్నవాడే ఆగి, కొత్తగా వచ్చేవాడికి దారి ఇవ్వాలి. ఇంగ్లీషువాడి సూత్రానికి ఇది సరిగా తలక్రిందులు. వియత్నాంలోని హానోయ్‌లో స్కూటర్ల ప్రవాహం మధ్యకు మనిషి దిగి, పరుగెత్తకుండా, ఆగకుండా, ఒకే నడకతో పోతే స్కూటర్లే అతని చుట్టూ చీలిపోతవట. ఇది మాత్రం మన ఊరి విద్యే.

ఇన్ని పద్ధతులుండగా ఏది గొప్ప అని తగవులాడడం దేనికి, ఎవరి ఆచారం వారిది అని పుస్తకం మూసివేయవచ్చు. మేమూ అట్లాగే మూసేవాళ్ళమే గాని, కొన్ని అంకెలు మూయనివ్వవు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 33 వేల మంది నడిచిపోతున్నవారు. అదే ఏడాది బ్రిటనులో రోడ్ల మీద చనిపోయినవారు 1,711. మన జనాభా వారికంటె సుమారు ఇరవై ఒక్క రెట్లు, మరణాలు దాదాపు నూరు రెట్లు. "పరవాలేదు" అన్న మాటకు ఇంత ఖరీదు కడుతున్నామని ఎవరికి తెలుసు?

మా నాన్నగారికి ఎనభై దాటినవి. ఆయన ప్రతి సాయంత్రం రోడ్డు దాటి అవతలి వైపు పఠన మందిరానికి వెళ్ళి, తెలుగు పత్రికలు చదివి, నలుగురితో మాట్లాడి వచ్చేవారు. రోడ్డు వెడల్పు చేసిన తరువాత బండ్ల వేగం హెచ్చింది. చారల గీతలు గీసినారు గాని వాటి దగ్గర ఆగేవాడు లేడు. ఒకనాడు ఇరవై నిమిషాలు ఇవతలే నిలబడి, తిరిగి ఇంటికి వచ్చి చెప్పులు విడిచారు. ఆ తరువాత మళ్ళీ వెళ్ళలేదు. ఆయనకు దెబ్బ తగలలేదు, ఆయన పేరు ఏ లెక్కలోనూ ఎక్కదు. ఇట్లా ఇండ్లలో ఆగిపోయిన పెద్దలు మన ప్రతి వీధిలో ఎందరున్నారో లెక్క కట్టినవారు లేరు.

రెడింగ్‌లో చారల దారి దగ్గర మేము చూచినది అందుకే మనసులో నాటుకున్నది. చేతికర్ర పట్టుకున్న ముసలమ్మ ఒకతె అంచున నిలబడగానే రెండు వైపులా బండ్లు ఆగినవి. ఒకటి పెద్ద లారీ. ఆమెకు రోడ్డు దాటడానికి నిమిషం పైగా పట్టింది. సగం దూరం పోయి సంచీ సరిచేసుకోవడానికి నిలబడింది కూడా. ఎవడూ ఇంజను ఉరిమించలేదు. 2022 జనవరిలో వారు నిబంధనలను ఇంకా బిగించినారు. ఎక్కువ హాని చేయగలవాడి మీద ఎక్కువ బాధ్యత అన్నది వారు పెట్టుకున్న వరుస. ప్రక్కవీధిలోకి తిరిగే బండి, ఆ వీధి దాటడానికి నిలబడి ఉన్న మనిషికి కూడా దారి ఇవ్వాలి.

ఈ గుణం వారి రక్తంలో ఉన్నదనుకుంటే మాత్రం పొరపాటు. 1931లో వారి నిబంధనల పుస్తకం ఒక పెన్నీ వెలతో మొదటిసారి అచ్చయింది. అప్పుడు దేశమంతటా ఉన్న మోటారు బండ్లు 23 లక్షలే. అయినా ఏడాదికి ఏడు వేలమందికి పైగా రోడ్ల మీద చచ్చేవారు. ఇప్పుడు బండ్లు దాదాపు 4 కోట్లు, మరణాలు అప్పటి వాటిలో నాలుగవ వంతు! 1934లో దాటే చోట్ల దీపపు గోళాలు పెట్టినారు. వాటికి ఆనాటి రవాణా మంత్రి హోర్ బెలీషా పేరే నిలిచింది. 1935లో పరీక్ష తప్పనిసరి చేశారు. 1951లో నలుపూ తెలుపూ చారలు వచ్చినవి. బడి పిల్లలను దాటించడానికి గుండ్రని పలక కర్ర పట్టుకొని నిలిచేవారికి 1953 చట్టంతో బండ్లను ఆపే అధికారం వచ్చింది. 1983లో ముందు సీటువారికి బెల్టు తప్పనిసరి అయింది. మంచి రోడ్లూ, మంచి బండ్లూ, మంచి ఆసుపత్రులూ కూడా దీనికి తోడ్పడినవి. మొత్తానికి తొంభై ఏండ్లు కూడబెట్టిన అలవాటు అది. వారు నేర్చుకోగలిగినది మనం నేర్చుకోలేమా?

నేర్చుకోవడమంటే "పరవాలేదు"ను వదులుకొమ్మని కాదు. ప్రమాదం జరిగితే మన జనం మూగి, దెబ్బ తిన్నవాడిని ఆటోలో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తుతారే, అది కూడా ఆ గుణమే. అట్లాంటివారిని పోలీసులూ ఆసుపత్రులూ వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019 సవరణతో వారికి చట్టంలోనే రక్షణ వచ్చింది. ఆ గుణం పోకూడదు. దాని చోటు కొంచెం మార్చాలి, అంతే. తప్పుదారిన వచ్చేవాడి మీద చూపే ఓర్పును తీసి, రోడ్డు దాటే ముసలమ్మ మీద పెట్టాలి.

తిరిగి వచ్చిన తరువాత మేము ఈ పని చేసి చూచాము. మా కారు పాతది, చిన్నది. చారల దారి దగ్గర ఎవరైనా నిలబడితే ఆపుతున్నాము. మొదటి రోజున వెనుకనుంచి అయిదారు హారన్లు ఒక్కసారి మోగినవి. ఒక ఆటో డ్రైవరు ప్రక్కకు వచ్చి, కారు చెడిపోయిందా అని కన్నడంలో అడిగాడు. "లేదప్పా, అజ్జి దాటుతున్నది" అని మేమూ కన్నడంలోనే చెప్పాము. అతడు తొంగిచూచి, "ఓ, అజ్జినా?" అని తన ఆటోను కూడా ఆపుచేశాడు. అంతటితో ఆగక, ఆటోలోనుంచి చెయ్యి బయటపెట్టి వెనుకవాళ్ళను ఆగమన్నాడు. ఆమె ముఖం కనుపించగానే అతని మర్యాద అతనికి జ్ఞాపకం వచ్చింది. అన్ని రోజులూ ఇట్లా జరుగుతుందని చెప్పము. తిట్లు తిన్న రోజులు ఎక్కువ. వెనుకవాడు తొందరపడి గ్రుద్దకుండా, దూరంనుంచే నెమ్మదించి, అద్దంలో చూచి, చెయ్యి చూపి ఆగడం మంచిదని కూడా నేర్చుకున్నాము.

మన సంఘం సభ్యులకు ఒక మనవి. ఉగాది నాడు సంఘ భవనం ముందర కార్లు రెండు వరుసలలో నిలిపి, ఇరుగుపొరుగువారి గేట్లకు అడ్డం పెట్టడం మనకు మామూలయింది. వారు కన్నడిగులు, తమిళులు, ఉర్దూవారు. ఏటా "పరవాగిల్ల" అని ఊరుకుంటున్నారు. వారి మంచితనాన్ని మనం ఇట్లా ఖర్చు పెట్టడం న్యాయం కాదు. రాబోయే ఉగాదికి నలుగురు యువకులు ముందుగా వచ్చి, గేట్లు వదిలి ఒకే వరుసలో బండ్లు పెట్టించాలి. మరి ఇద్దరు రోడ్డు దగ్గర నిలబడి పెద్దలను చెయ్యి పట్టి దాటించాలి. పంచాంగ శ్రవణం అరగంట ఆలస్యమైనా నష్టం లేదు. మా నాన్నగారిని వెంటబెట్టుకొని మేము మాత్రం పెందలకడనే వచ్చి, దాటించే పనిలో నిలబడగలమని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాము.